పూసలు మారినా ఆకారం ఎలా నిలిచింది? ప్రొటీన్ల కథ

పిల్లలూ, ఈ పాఠం కొంచెం పెద్దది. ఒక్కసారే చదివెయ్యక్కర్లేదు. ఒక్కో భాగం చదవండి, అమ్మకో నాన్నకో మీ సొంత మాటల్లో చెప్పండి, తరవాతే ముందుకి వెళ్లండి. కొత్త మాటలకి అర్థాలు చివర్లో ఉన్నాయి.

1. ముందు ఒక లెక్క

లిటిల్ ఇండియాలో టెక్కా మార్కెట్‌కి వెళ్లినప్పుడు కూరగాయల కొట్టు దగ్గర తమిళంలో లెక్కపెట్టడం మీరు వినే ఉంటారు. మనం మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు అంటాం. వాళ్లు మాట్లాడేటప్పుడు మూణు, నాలు, అంజు, ఆరు, ఏళు అంటారు. నేర్చుకోకపోయినా సగం అర్థమైపోతుంది కదా! ఎందుకంటే వేల ఏళ్ల క్రితం తెలుగు, తమిళం రెండూ ఒకే పాత భాషలోంచి వచ్చాయి. విడిపోయాక ఒక్కో చోట ఒక్కో శబ్దం మెల్లగా మారింది. కానీ లెక్క మాత్రం మారలేదు. మూడు అన్నా, మూణు అన్నా చూపించే వేళ్లు మూడే.

సరిగ్గా ఇలాంటి కథే మన ఒంట్లో కూడా నడిచింది. అది ప్రొటీన్ల కథ. అందులో శబ్దాల బదులు పూసలు మారతాయి. లెక్క బదులు ఆకారం నిలబడుతుంది. కానీ ఎప్పుడూ నిలబడుతుందా? ఒక్క పూస మారితే ప్రాణం మీదికి వచ్చిన సందర్భం కూడా ఉంది. అదీ చూద్దాం.

2. ప్రొటీన్ అంటే పూసల దండ

"పప్పు తిను, ప్రొటీన్ ఉంటుంది" అని ఇంట్లో రోజూ వింటారు. ప్రొటీన్ అంటే కండలు పెంచేది అని మాత్రమే అనుకోకండి. మన ఒంట్లో వేల రకాల ప్రొటీన్లు ఉన్నాయి. అన్నం అరిగించేవి కొన్ని, రోగాలతో పోరాడేవి కొన్ని, కండరాలని కదిలించేవి కొన్ని. ఒక్కోదానికి ఒక్కో పని.

ప్రొటీన్ ఒక పొడుగాటి దండ. అందులో పూసల పేరు అమైనో ఆమ్లాలు. మొత్తం 20 రకాల పూసలు ఉంటాయి. ఏ పూస తరవాత ఏ పూస వస్తుందో ఆ వరసే ముఖ్యం.

ఉదాహరణకి హిమోగ్లోబిన్ తీసుకుందాం. మన రక్తానికి ఎర్ర రంగు దీనివల్లే. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్‌ని ఎక్కించుకుని ఒళ్లంతా తిప్పి దించుతుంది, బస్సు ప్రయాణికుల్ని ఎక్కించి దించినట్టు. ఒక్కో హిమోగ్లోబిన్‌లో 4 దండలు కలిసి ఉంటాయి: 2 ఆల్ఫా దండలు, 2 బీటా దండలు. ఆల్ఫాలో 141 పూసలు, బీటాలో 146. ప్రతి దండ మధ్యలో ఇనుము ఉన్న ఒక చిన్న పళ్లెం లాంటిది ఇరుక్కుని ఉంటుంది. దాని పేరు హీమ్. ఆక్సిజన్ కూర్చునే సీటు అదే.

3. దండ ఎలా ముడుచుకుంటుంది?

దండ తిన్నగా ఉంటే ఏ పనీ చెయ్యలేదు. అది తనంతట తానే ముడుచుకుని ఒక ఆకారంలోకి రావాలి. ఎలా వస్తుంది?

చారులో తాలింపు వేశాక పైన చూడండి. నూనె చుక్కలు నీళ్లలో కలవవు, ఒకదాని దగ్గరికి ఒకటి చేరతాయి. పూసల్లో కూడా కొన్ని నూనె లాంటివి, వాటికి నీళ్లు గిట్టవు. కొన్నిటికి నీళ్లంటే ఇష్టం. మన ఒంట్లో ఎటు చూసినా నీళ్లే కాబట్టి, నీళ్లు గిట్టని పూసలు దండ లోపలికి దూరతాయి, నీళ్లు ఇష్టమైనవి బయట ఉంటాయి. పూర్ణం బూరెలో తీపి లోపల, తోపు బయట ఉన్నట్టు అన్నమాట. దండ ముడుచుకోవడానికి పెద్ద కారణం ఇదే.

అయితే దండ ఎటుపడితే అటు వంగలేదు. మన మోచెయ్యి వెనక్కి వంగదు కదా, అలాగే. ఏ కోణాల్లో వంగగలదు, ఏ కోణాల్లో వంగలేదు అని లెక్క కట్టి బొమ్మ గీసినవాళ్లు మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన జి. ఎన్. రామచంద్రన్, ఆయన తోటి శాస్త్రవేత్తలు. అది 1963లో. ఆ బొమ్మని ఇప్పటికీ ప్రపంచమంతా "రామచంద్రన్ ప్లాట్" అనే అంటారు. కొత్త ప్రొటీన్ ఆకారం కనుక్కున్న ప్రతివాళ్లూ ముందు దాంతో సరిచూసుకుంటారు.

4. పూసలు ఎందుకు మారతాయి?

ప్రొటీన్ ఎలా కట్టాలో డీఎన్ఏలో రాసి ఉంటుంది. డీఎన్ఏకి 4 అక్షరాలే. 3 అక్షరాలు కలిస్తే ఒక పూసకి గుర్తు. అమ్మానాన్నల నుంచి పిల్లలకి వచ్చేటప్పుడు ఈ రాతని నకలు తీస్తారు. కోట్ల అక్షరాలు నకలు తీసేటప్పుడు అక్కడక్కడా ఒక అక్షరం తప్పు పడుతుంది. మీరు డిక్టేషన్ రాసేటప్పుడు పడినట్టే! అక్షరం మారితే ఒక్కోసారి పూస మారుతుంది.

ఈ మార్పు కావాలని ఎవరూ చెయ్యరు. అది గుడ్డిగా జరుగుతుంది. కానీ తరవాత పరీక్ష ఉంటుంది. మారిన ప్రొటీన్ పని చెయ్యకపోతే ఆ జీవి బతకడం కష్టం, పిల్లల్ని కనడం కష్టం. అందుకని ఆ మార్పు ముందు తరాలకి అందదు. పనికి అడ్డం రాకపోతే మార్పు నిలిచిపోవచ్చు. పని ఇంకా బాగా చేస్తే ఎక్కువమందికి పాకుతుంది.

ఒక ఆట ఆడదాం. ఒకసారికి ఒక్క శబ్దమే మార్చాలి, ప్రతిసారీ అర్థం ఉన్న మాటే రావాలి.

పాట → మాట → మూట → మూత → మోత → కోత

చూశారా? పాటలో మొదలై కోతలో తేలాం. మధ్యలో ఒక్కటి కూడా అర్థం లేని మాట లేదు. ప్రొటీన్లు కూడా ఇలాగే ఒక్కో అడుగు వేస్తూ మారతాయి. ప్రతి అడుగులోనూ ప్రొటీన్ పని చెయ్యాలి, లేకపోతే కథ అక్కడితో ఆగిపోతుంది. ఇంగ్లీషు మాటలతో ఈ పోలికని 1970లో జాన్ మేనార్డ్ స్మిత్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. మనం తెలుగులో ఆడుకున్నాం, అంతే.

5. రక్తంలో ఒక పెద్ద కుటుంబం

ఇప్పుడు చుట్టాల ఇళ్లకి వెళ్దాం. చింపాంజీ హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా, బీటా దండలు మనవాటితో పూసకి పూస సరిపోతాయి. గుర్రం ఆల్ఫా దండని మన దండ పక్కన పెడితే 141 పూసల్లో 18 వేరు. చుట్టరికం దూరమయ్యేకొద్దీ తేడాలు పెరుగుతాయి. అందుకే పూసల తేడాలు లెక్కపెట్టి ఏ రెండు జంతువులు ఎంత కాలం క్రితం విడిపోయాయో అంచనా వెయ్యొచ్చని ఎమిల్ జుకర్‌కాండ్ల్, లైనస్ పాలింగ్ 1962లో చెప్పారు.

హిమోగ్లోబిన్‌కి కండరాల్లో ఒక చుట్టం ఉంది, పేరు మయోగ్లోబిన్. అది ఒంటరి దండ, ఆక్సిజన్‌ని దాచిపెడుతుంది. కేంబ్రిడ్జ్‌లో జాన్ కెండ్రూ తిమింగలం మయోగ్లోబిన్ ఆకారం కనుక్కున్నాడు. మాక్స్ పెరూట్జ్ గుర్రం హిమోగ్లోబిన్ మీద 1937లో పని మొదలుపెట్టి 20 ఏళ్లకి పైగా కష్టపడ్డాడు. చివరికి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే, హిమోగ్లోబిన్‌లో ఒక్కో దండ అచ్చం మయోగ్లోబిన్ లాగే మెలికలు తిరిగి ఉంది! పూసలు నాలుగింట మూడు వంతులు వేరు. ఆకారం మాత్రం ఒకటే. 1962లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇంకా దూరపు చుట్టం ఎక్కడుందో తెలుసా? మన పప్పుల మొక్కల వేళ్లలో! కంది, పెసర, వేరుశనగ మొక్కల వేళ్లకి చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలో ఉండే బాక్టీరియా గాలిలోని నైట్రోజన్‌ని మొక్కకి ఎరువుగా మార్చి ఇస్తుంది. ఆ పనికి ఆక్సిజన్ ఎక్కువైతే చెడుతుంది, అసలు లేకపోతే బాక్టీరియా బతకదు. అందుకని మొక్క లెగ్‌హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్ తయారు చేసి ఆక్సిజన్‌ని కొద్దికొద్దిగా అందిస్తుంది. బాగా పనిచేసే బుడిపెని కోస్తే లోపల ఎర్రగా ఉంటుంది. దాని పూసలు మన మయోగ్లోబిన్‌తో వందకి ఇరవై అటూ ఇటూ మాత్రమే కలుస్తాయి. అయినా అదే మెలికలు, మధ్యలో అదే హీమ్ పళ్లెం. 2019లో సింగపూర్ రెస్టారెంట్లలోకి వచ్చిన ఇంపాసిబుల్ బర్గర్ మాంసం కాకపోయినా ఎర్రగా ఉండడానికి కారణం సోయా మొక్క లెగ్‌హిమోగ్లోబినే.

మరి అన్ని పూసలూ మారిపోయాయా? లేదు. హీమ్‌లోని ఇనుముని పట్టుకునే చోట హిస్టిడిన్ అనే పూస ఉంటుంది. గుర్రంలోనూ, తిమింగలంలోనూ, వేరుశనగలోనూ అది అదే చోట ఉంది. ఇంట్లో గోడల రంగు మార్చొచ్చు, సోఫా మార్చొచ్చు, కానీ స్తంభాన్ని తియ్యలేం కదా. నీళ్లు గిట్టని పూస స్థానంలో నీళ్లు గిట్టని ఇంకో పూస వస్తే ఆకారం చెడదు. అందుకే వరస కంటే ఆకారం చాలా నెమ్మదిగా మారుతుంది.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది. ఒక్కోసారి డీఎన్ఏలో ఒక ముక్క మొత్తం రెండుసార్లు నకలు పడుతుంది. అప్పుడు ఒక కాపీ పాత పని చేస్తూ ఉంటే, రెండోది స్వేచ్ఛగా మారి కొత్త పని నేర్చుకుంటుంది. ఆల్ఫా, బీటా అలాగే విడిపోయాయి. తరవాత బీటా వైపు నుంచి గామా అనే దండ కూడా వచ్చింది. గామా, బీటా రెండిటికీ 146 పూసలే, 39 చోట్ల తేడా. మనం అమ్మ కడుపులో ఉన్నప్పుడు మన రక్తంలో బీటా బదులు ఎక్కువగా గామా ఉండేది. గామా ఉన్న హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటుంది. అందుకే అమ్మ రక్తంలోంచి ఆక్సిజన్ తీసుకోగలిగాం. పుట్టిన కొన్ని నెలలకి గామా తగ్గిపోయి బీటా వస్తుంది.

6. సింగపూర్‌లో కనుక్కున్న కథ: విషానికి లొంగని చేప

ఇప్పుడు మన సింగపూర్ కథ. బయోపోలిస్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాలిక్యులర్ అండ్ సెల్ బయాలజీ అనే పరిశోధన సంస్థ ఉంది. అక్కడి బైరప్ప వెంకటేశ్, నోబెల్ బహుమతి పొందిన సిడ్నీ బ్రెన్నర్, ఇంకా ఎన్నో దేశాల శాస్త్రవేత్తలు కలిసి ఫుగు అనే పఫర్ చేప డీఎన్ఏ మొత్తం చదివి 2002లో ప్రకటించారు. భయం వేస్తే బంతిలా ఉబ్బే చేప అది. వెన్నెముక ఉన్న జీవుల్లో మనిషి తరవాత అలా చదివింది దాన్నే. దాని డీఎన్ఏ మన డీఎన్ఏలో ఎనిమిదో వంతే. అందుకే దాన్ని ఎంచుకున్నారు.

ఆ చేప ఒంట్లో టెట్రోడోటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. మన నరాల, కండరాల కణాల గోడల్లో సోడియం వెళ్లడానికి ప్రొటీన్‌తో చేసిన తలుపులు ఉంటాయి. ఆ తలుపులు తెరుచుకుంటేనే నరం కబురు పంపగలదు, కండరం కదలగలదు. ఈ విషం సీసాకి బిరడా పెట్టినట్టు ఆ తలుపు నోటికి అడ్డం పడుతుంది. ఇక కండరాలు కదలవు, చివరికి ఊపిరి ఆగిపోతుంది.

మరి చేప ఎలా బతుకుతోంది? 2005లో వెంకటేశ్, ఆయన తోటివాళ్లు జవాబు చెప్పారు. మిగతా జంతువుల్లో కండరాల సోడియం తలుపు నోటి దగ్గర ఒక చోట ఉంగరం ఆకారం ఉన్న పూస ఉంటుంది. విషం దాన్ని పట్టుకుని వేళ్లాడుతుంది. పఫర్ చేపల్లో ఆ చోట ఉంగరం లేని వేరే పూస వచ్చింది. పట్టుకోవడానికి కొక్కెం లేకపోతే విషం జారిపోతుంది. తలుపు ఆకారం మాత్రం చెడలేదు, సోడియం మామూలుగానే వెళ్తుంది. కష్టం ఇక్కడే ఉంది: విషాన్ని ఆపాలి, పని ఆగకూడదు. పెద్ద దండలో పూసలు చాలానే ఉన్నా, అలా మార్చగల చోట్లు కొన్నే.

అమెరికాలో కొన్ని గార్టర్ పాములు ఇదే విషం ఉన్న న్యూట్ అనే జీవుల్ని తింటాయి. వాటి సోడియం తలుపులో కూడా పూసలు మారాయి, కానీ వేరే చోట. చేపకీ పాముకీ ఎవరూ చెప్పుకోలేదు. ఒకే చిక్కుకి రెండు దారులు దొరికాయి.

7. ఒక్క పూస, ఒక కొడవలి

ఇప్పుడు కష్టమైన కథ. అరకు, పాడేరు వైపు మన్యంలోనూ, ఆదిలాబాద్ వైపు గిరిజన ఊళ్లలోనూ కొంతమంది పిల్లలకి సికిల్ సెల్ అనే జబ్బు ఉంది. సికిల్ అంటే కొడవలి. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఒళ్లంతా భరించలేని నొప్పి, రక్తహీనత. బడికి వెళ్లలేరు, ఆడుకోలేరు.

కారణం బీటా దండలో 6వ పూస. 1956లో వెర్నన్ ఇంగ్రమ్ దీన్ని కేంబ్రిడ్జ్‌లో కనుక్కున్నాడు. అక్కడ నీళ్లంటే ఇష్టమైన గ్లూటమిక్ ఆమ్లం ఉండాలి. దాని బదులు నీళ్లు గిట్టని వాలిన్ వచ్చింది. మూడో భాగం గుర్తుందా? నీళ్లు గిట్టని పూస లోపల ఉండాలి. ఇది బయట ఉండిపోయింది. అందుకని ఆక్సిజన్ దించేశాక పక్క హిమోగ్లోబిన్‌లో ఉన్న చిన్న గుంటలోకి దూరి అతుక్కుంటుంది. దానికి ఇంకోటి, దానికి ఇంకోటి. పొడుగాటి కడ్డీలు తయారై కణాన్ని వంచేస్తాయి. గమనించండి, దండ ముడుచుకున్న ఆకారం దాదాపు అదే! ఒక పూస చోటు తప్పడంతో పక్కవాటితో వరస మారిపోయింది.

ఇంత చెడ్డ మార్పు ఎందుకు పోలేదు మరి? దానికి జవాబు దోమ దగ్గరుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే డాక్టర్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మలేరియా దోమ వల్ల వస్తుందని అలా తేలింది. ఆ పరాన్నజీవి మన ఎర్ర రక్తకణాల్లో పెరుగుతుంది. ప్రతి మనిషికీ బీటా రాత రెండు కాపీలు ఉంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒక్క కాపీలోనే మార్పు ఉన్నవాళ్లకి సాధారణంగా జబ్బు రాదు, పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి చాలావరకు రక్షణ దొరుకుతుంది. రెండు కాపీల్లోనూ మార్పు ఉన్న పిల్లలకి జబ్బు వస్తుంది. మలేరియా ఎక్కువగా ఉన్న ఆఫ్రికాలోనూ, మన దేశంలో అడవి ప్రాంతాల్లోనూ ఈ మార్పు నిలిచిపోయింది అందుకే. కాబట్టి ఇది ఎవరి తప్పూ కాదు, ఎవరి పాపమూ కాదు. ఈ జబ్బు ఉన్నవాళ్లని ఎవరైనా తక్కువగా మాట్లాడితే మీరు ఈ సంగతి చెప్పండి.

భారత ప్రభుత్వం 2023లో ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి రక్తపరీక్ష చెయ్యాలని లక్ష్యం పెట్టుకుంది. మందుల సంగతికి వస్తే, మన గామా దండ గుర్తుందా? హైడ్రాక్సీయూరియా అనే మందు వాడితే నిద్రపోయిన గామా కొంత మళ్లీ మేలుకుంటుంది. గామాలో ఆ తప్పు పూస లేదు కాబట్టి కడ్డీలు తగ్గుతాయి. 2023లో కొన్ని దేశాలు ఒప్పుకున్న కొత్త జన్యు చికిత్స కూడా గామానే మేలుకొలుపుతుంది. ఎప్పుడో పొరపాటున పడిన ఒక అదనపు నకలు ఈనాడు పిల్లలకి మందయింది!

8. పాత మార్పులు చదివితే కొత్త ఆకారం తెలుస్తుంది

పెరూట్జ్‌కి ఒక ఆకారం కనుక్కోడానికి 20 ఏళ్లకి పైగా పట్టింది. ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ చాలా ప్రొటీన్లకి కొద్దిసేపట్లోనే అంచనా చెబుతోంది. దాన్ని తయారు చేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకి 2024లో నోబెల్ వచ్చింది. కొత్త ప్రొటీన్లని రూపొందించిన డేవిడ్ బేకర్ కూడా ఆ బహుమతి పంచుకున్నాడు.

ఆల్ఫాఫోల్డ్ ఏం చూస్తుంది? చుట్టాల దండలన్నీ పక్కపక్కన పెట్టి ఏ పూసలు కలిసి మారుతున్నాయో చూస్తుంది. బస్సులో ఒకే సీటులో ఇద్దరు కూర్చున్నారనుకోండి. ఒకరు లావుగా ఉంటే ఇంకొకరు సన్నగా ఉంటేనే చోటు సరిపోతుంది. అలాగే ఒక పూస పెద్దదైనప్పుడల్లా దూరంగా ఉన్న ఇంకో పూస చిన్నదవుతోందంటే, ముడుచుకున్నాక ఆ రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయన్నమాట. కోట్ల ఏళ్ల మార్పులే ఆకారానికి ఆనవాళ్లు.

కొత్త మాటలు

పూస – దండలో గుచ్చే చిన్న గుండు
నకలు – చూసి రాసిన కాపీ
చుట్టం – బంధువు
కొడవలి – పంట కోసే వంకర కత్తి
బిరడా – సీసా మూత
పరాన్నజీవి – ఇంకో జీవి ఒంట్లో ఉండి బతికే జీవి
మన్యం – కొండలు, అడవులు ఉన్న గిరిజన ప్రాంతం
ఆనవాలు – గుర్తు

ఆలోచించి చెప్పండి

1. గుర్రం, వేరుశనగ, మనిషి ఈ మూడిటిలోనూ హిస్టిడిన్ ఎందుకు మారలేదు?
2. పఫర్ చేపలో ఒక పూస మారితే మేలు జరిగింది. సికిల్ సెల్‌లో ఒక పూస మారితే జబ్బు వచ్చింది. తేడా ఏమిటి?
3. మలేరియా అసలు లేని ఊళ్లో సికిల్ మార్పు వల్ల లాభం ఉంటుందా? ఎందుకు?

చేసి చూడండి

* "కల" అనే మాటతో మొదలుపెట్టి, ఒకసారికి ఒక్క శబ్దమే మారుస్తూ 5 మాటల వరస రాయండి. ఎక్కడైనా ఆగిపోతే ఒక అడుగు వెనక్కి వచ్చి వేరే దారి వెతకండి.
* సెలవులకి ఊరు వెళ్లినప్పుడు తాతయ్యనో తెలిసిన రైతునో అడిగి ఒక వేరుశనగ మొక్క పీకించండి. వేరు బుడిపెని పెద్దవాళ్ల చేత కోయించి లోపలి రంగు చూడండి. ఏం చూశారో నాలుగు వాక్యాలు తెలుగులో రాసి తీసుకురండి.